ఎంబోయో బండి

పడవ మొదటి కూత వేసింది. కాంగో నది అవతలి ఒడ్డుకు సరుకు చేరవేసే ఎంబోయోకు మూడు చక్రాల బండి మీద కూర్చున్నా కుదురు లేదు. పోలియోతో ఆమె కాళ్లు చిన్నప్పుడే చచ్చుబడ్డాయి. వికలాంగుల దినోత్సవమని చక్రాల కుర్చీ ఇవ్వడానికి రేవుకొచ్చిన అధికారి ఉపన్యాసం ఎంతకీ తెమలడం లేదు.

"ఇక నువ్వు ఎవరి మీదా ఆధారపడక్కర్లేదమ్మా," అన్నాడాయన. "ఆ డొక్కు బండి వదిలెయ్."

రెండో కూత వినిపించింది. బండి నెట్టే నలుగురు కూలీలూ తలలు దించుకున్నారు.

"అయ్యా, మీ కుర్చీలో నేనొక్కదాన్నే పడతాను," అంది ఎంబోయో. "నా బండి మీద ఆరు బస్తాల పిండీ, వీళ్ల నలుగురి సంసారాలూ ఎక్కుతాయి. ఆ కుర్చీలో మీరే కూర్చోండి, ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు. నెట్టండర్రా."