నా కాళ్లకు అందే బండి

మా ఆయన తన మోటార్ సైకిల్ ఇచ్చేసి నాకు మోటార్ సైకిల్ కొంటానన్నప్పుడు నా చేతిలోని పప్పుగిన్నె జారి కింద పడింది. కథలో అందం కోసం చెప్పడం లేదు, నిజంగానే పడింది. ఆ పూట పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నాం.

బిక్షపతి ఎలాంటివాడో తెలిస్తే మీ చేతిలోదీ పడేది. పదహారేళ్ల కాపురంలో ఆ బండి తాళంచెవి నా చేతికి వచ్చింది దసరాకు మాత్రమే, అదీ బండి కడిగి బొట్టు పెట్టడానికి. పని కోసం మేమొచ్చి ఉంటున్న డిండోలిలో మా గల్లీ పిల్లలు దాని మీద చెయ్యేస్తే అన్నం ముందు నుంచి లేచి ఉరికేవాడు. అలాంటి మనిషి, లాక్‌డౌన్ ఎత్తేసిన రెండు నెలలకు, కంచం ముందు కూర్చుని ఉప్పు అడిగినంత తేలిగ్గా ఆ మాట అన్నాడు.

“నా బుజం నొస్తున్నది. ఇగ నేను నడప. నాది ఇచ్చేసి నీకు సరిపోయే బండి తెద్దాం. నేర్సుకో.”

“నేనా? గేర్ల బండా?”

“ఆ. కారఖానా తెరిచేటాల్లకు.”

కారఖానా అంటే పల్సానాలో మేమిద్దరం పనిచేసే కరెంటు మగ్గాల షెడ్డు. ఆయన మగ్గాల మీద, నేను బాబిన్లు చుట్టే దగ్గర. ఇన్నేళ్లూ ఆయన ముందు, నేను వెనక, ఒకే బండి మీద పోయి వచ్చేవాళ్లం. కరోనాకు షెడ్డు మూతబడి నాలుగు నెలలైంది. ఇప్పుడు షెడ్డు యజమాని శేఠ్ నాకు ఫోన్ చేశాడు. రెండు వారాల తర్వాత వచ్చే సోమవారం పొద్దున ఏడుకు తెరుస్తాడట, రానివాళ్ల జాగాలో వేరేవాళ్లను పెట్టుకుంటాడట. బస్సులు లేవు. ఆటోవాళ్లు అంత దూరం రామంటున్నారు. ఈయనేమో నడపనని మొండికేశాడు. అంటే నేను నడిపితేనే ఇద్దరికీ పని, లేకపోతే ఇద్దరమూ ఇంట్లోనే.

పక్కింటి భాగీరథి కళ్లు పెద్దవి చేసి, “మొగోడు బండి ఇడిసిండంటే ఎన్క ఏదో కత ఉంటది, సూస్కో” అంది. సూస్కున్నాను. ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోనంతా వెతికాను. మగ్గాల వీడియోలు, మా పెద్దబాపు పంపిన దేవుడి బొమ్మలు తప్ప ఏమీ లేవు. జబ్బేమైనా దాస్తున్నాడేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. ఆ రోజుల్లో అందరికీ ముందు అదే భయం కదా. ఒళ్లు చల్లగానే ఉంది.

రోజూ పొద్దున్నే ఖాళీ ప్లాటులో నేర్పించాడు. ఆయన బండి ఎత్తు, నేను పొట్టి. మూడుసార్లు పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. గేరు ఎప్పుడు మార్చాలి అంటే, “సప్పుడు ఇనకు. కాలుకు వణుకు తెలుస్తది సూడు, గప్పుడు మార్చు” అనేవాడు. పద్దెనిమిదేళ్లు మగ్గాల మీద బతికినవాడి పనితనం అనుకుని మురిసిపోయాను. నా తెలివికి దండం పెట్టాలి.

తెల్లవారితే సోమవారం అనగా, ఆదివారం నాడు బండి మార్చడానికి దాన్ని ఇద్దరం నెట్టుకుంటూ పరమేశ్వర్ దగ్గరికి పోయాం. పరమేశ్వర్‌ది జగిత్యాల. ఉధ్నా రోడ్డు పక్కన పాత బండ్లు కొని అమ్ముతాడు. ఎక్కి దిగిన ప్రతి బండికీ శానిటైజర్ కొట్టి తుడుస్తున్నాడు, ముక్కు మీది మాస్కు దించితే ఎవరినైనా అరుస్తున్నాడు.

“అక్కా, లేడీసుకు స్కూటీయే మంచిగుంటది. గులాబి రంగుది వచ్చింది, సూడు.”

“రంగు సూసి కొననీకి ఇదేమన్న చీరనా తమ్మీ? నేను బతుకమ్మకు పోతలేను, పల్సానాకు పోతున్న.”

నిజానికి స్కూటీ మీద నాకూ మనసుంది. కానీ హైవే గుంతల్లో ఆ చిన్న చక్రాలు ఇద్దరి బరువుతో ఎలా ఊగుతాయో చూశాను, స్కూటీ వద్దన్న మా ఆయన మాటే నిజం. మొదట నల్లటి బండి ఎక్కాను. కాలి బొటనవేళ్లు తప్ప ఏదీ నేలకు తగల్లేదు. పరమేశ్వర్ “అలవాటైతది అక్కా” అన్నాడు. పడ్డాకనా, పడకముందా అని అడిగాను. రెండోదానికి ట్యాంకు నిండా పూల స్టిక్కర్లు. సీటు అందింది గానీ క్లచ్చు అందలేదు. వేళ్ల చివర్లతో లాగి లాగి చెయ్యి తిమ్మిరెక్కింది. ఆడవాళ్ల బండి అని పూలు అంటించారే తప్ప ఆడవాళ్ల వేళ్లు ఎంత పొడవుంటాయో ఎవడూ చూడలేదు.

ఈలోగా బిక్షపతి ప్రతి బండినీ స్టార్టు చేయించి, ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడుతున్నాడు. రెండింటి ఇంజన్లు బాగాలేవని తేల్చాడు. పరమేశ్వర్ బిత్తరపోయాడు, నిజంగానే బాగాలేవట. నేను మాత్రం వెనకనుంచి వాయిస్తూనే ఉన్నాను. “నా పానం మీదికి తెచ్చినవ్. బుజానికి జర బామ్ రాస్తే పోయేదానికి నన్ను రోడ్డు మీద పడేస్తున్నవ్.” ఆయన తిరిగి చూడలేదు.

మూడోది పాతది, వెండి రంగు వెలిసిపోయింది. ఎక్కి కూర్చోగానే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. క్లచ్చు రెండు వేళ్లకే వచ్చింది. దిగి, నేనొక్కదాన్నే స్టాండు వేసి తీశాను. నవ్వొచ్చింది. మళ్లీ ఎక్కి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని హారన్ నొక్కాను.

ఆ హారన్ లారీదేమో. పరమేశ్వర్ చేతిలోని సీసా జారింది. గోడ కింద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటింది. బిక్షపతి నాకు రెండడుగుల ముందు, వీపు నావైపు పెట్టి, వేరే బండి చైను చూస్తున్నాడు. కదల్లేదు.

మళ్లీ నొక్కాను. ఈసారి వేలు తియ్యలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆయన చైనుకు అంటిన మట్టిని గోటితో గీకుతున్నాడు.

“బావకు మస్తు గుండె ధైర్యం” అని పరమేశ్వర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బండి దిగి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

“ఏమైంది నీకు?”

నా కళ్లలోకి చూసి తలూపాడు. “మంచిగుంది. తీస్కుందాం.”

“నేను బండి సంగతి అడుగుతలేను.”

“ఆ, తీస్కుందాం.”

నా మాస్కు గడ్డం కిందికి లాగాను. “నీకు ఇనవడ్తలేదా?”

ఆయన కళ్లు నా పెదవుల మీద ఆగాయి. తర్వాత నేలకు దిగాయి.

“మూడేండ్లాయె. మొదాలు ఒక చెవి, ఎన్క రెండోది.”

పక్కనున్న బండి పట్టుకున్నాను. మగ్గాల మోతలో మేమంతా పెదవులు చూసే మాట్లాడుకుంటాం, కాబట్టి షెడ్డులో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో నా మొహం చూస్తూ మాట్లాడుతుంటే ప్రేమ అనుకున్నాను. వంట దగ్గర నుంచి పిలిస్తే పలకని రోజులున్నాయి, కానీ మొగుడు వినకపోవడం కొత్తా? ఏ ఆడదైనా దాన్ని చెవిటితనం అనుకుంటుందా? మాస్కులు వచ్చాక బయట నోరు మూసుకుని తిరుగుతుంటే పని లేని దిగులనుకున్నాను.

“మరి గిన్నేండ్లు బండెట్ల నడిపినవ్? లారీల నడుమ?”

“నువ్వు ఎన్క ఉంటివి గదా. లారీ హారన్ కొడితే బయపడి నా బుజం పట్టుకుంటుంటివి. గప్పుడు పక్కకు తీస్తుంటి.”

నా చేతుల వైపు చూసుకున్నాను. మూడేళ్లు ఆయన చెవులు నా చేతుల్లో ఉన్నాయట, నాకే తెలియదు.

“నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

“చెప్తే నువ్వు నా బండి ఎక్కుదువా? నువ్వు ఎక్కకుంటే నేను నడపలేను.”

ఆయనే మళ్లీ మొదలుపెట్టాడు.

“లాక్‌డౌన్ల బియ్యానికని ఒక్కన్నే పోయిన. ఎన్కకెల్లి అంబులెన్సు వచ్చిందట. నేను జరగలే. జనం ఉరికొచ్చి నన్ను బండితోని గుంజి పక్కకేసిండ్రు. పోతుంటే సూసిన, లోపల ఎవరో ముసలామె. ఎంతసేపు నా ఎన్క ఆగిందో ఏమో. గా దినం నువ్వు లేవు నవతా. ఇగ నేను ముట్ట.”

ఆ రోజు బియ్యం లేకుండా, ప్యాంటు చిరిగి ఇంటికొచ్చాడు. కుక్క అడ్డమొచ్చిందన్నాడు. నమ్మాను. ఏది చెప్పినా నమ్మేశాను. కోపం ముంచుకొచ్చింది, కొట్టాలన్నంత కోపం. అదే ఊపులో ఇంకో సంగతి తట్టింది, కోపం కాస్తా చల్లారి వెన్నులోకి పాకింది. పన్నెండు గంటలు నిలబడి చేసిన పని. వచ్చే దారిలో చాలా సాయంత్రాలు నేను ఆయన వీపుకు తల ఆనించి నిద్రపోయేదాన్ని.

“మరి… నేను పండుకున్న దినాలు?”

ఆయన షర్టు అంచు మెలిపెట్టుకున్నాడు.

“నీ తలకాయ ఈపుకు తాకంగనే ఎరుకైతుండె. రోడ్డు దిగి మట్టిల నడిపిస్తుంటి. మెల్లగ.”

ఆ మట్టి కుదుపులకు మెలకువ వచ్చినప్పుడల్లా, మంచి రోడ్డు పెట్టుకుని గోతుల్లోకి తీస్తావేమని నేను తిట్టని తిట్టు లేదు. వాటిలో ఒక్కటీ ఆయనకు చేరలేదు.

“అక్కా, మాస్కు! మాస్కు పెట్టు!” అని పరమేశ్వర్ అరుస్తున్నాడు.

“ఆగు తమ్మీ. బండి ఇంకా సూసుడు కాలే. ఇద్దరి బరువుతోని నిలుస్తదో లేదో సూడాలె.”

వెండి రంగు బండి ఎక్కి స్టార్టు చేశాను. బిక్షపతి అలవాటు చొప్పున హ్యాండిల్ వైపు నడిచి వచ్చి, ఆగిపోయాడు. వెనక సీటు చూపించాను. ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తన మోకాళ్ల మీదే పెట్టుకున్నాడు. ఆయన బరువు, బండి బరువు కలిసి ఒక్కసారిగా నా కాళ్ల మీదికి వచ్చాయి. బండి కుడివైపు ఒరిగింది. పాదాలు రెండూ నేలకు అదిమి పట్టాను. నిలిచింది.

మెడ తిప్పగలిగినంతా వెనక్కి తిప్పాను, నా పెదవులు ఆయనకు బాగా కనబడేలా.

“రేపు ఏడింటికి పల్సానా. దార్ల నిద్రొస్తే పండుకో. నాకు ఇనవడ్తది.”