కుడివైపు మూత్రపిండం

నాట్లు వేస్తూ వేస్తూ దేవక్క మడిలోనే కూలబడింది. తల పగిలిపోతోంది, చూపు మసకబారింది, ముక్కులోంచి కారే నెత్తురు ఆగడం లేదు. ముప్పై ఏళ్లు నిండని మనిషి. మొగుడు హులిగెప్ప ఆమెను బండిలో పడుకోబెట్టి దేశనూరు నుంచి సిరుగుప్పకూ, అక్కణ్ణించి బస్సులో బళ్లారి ఆసుపత్రికీ తెచ్చాడు.

డాక్టరు వెంకట్రావు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. రక్తపోటు ఆ వయసులో ఉండకూడనంత ఎక్కువ. మందులిస్తే కాస్త దిగేది, మళ్లీ ఎగదన్నేది. చివరికి నరంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయిస్తే సంగతి బయటపడింది. ఎడమ మూత్రపిండం నిక్షేపంగా ఉంది. కుడిది చిక్కి, ముడుచుకుపోయి ఉంది.

"దానికి పోయే రక్తనాళం సన్నబడిందమ్మా," అన్నాడు డాక్టరు. "తనకు రక్తం చాలకపోయేసరికి ఒళ్లంతటికీ చాలడం లేదనుకుని, పోటు పెంచే పదార్థమొకటి రక్తంలోకి వదులుతోంది. ఆ మూత్రపిండాన్ని తీసేస్తే పోటు తగ్గొచ్చు. తప్పకుండా తగ్గుతుందని మాత్రం మాటివ్వలేను."

హులిగెప్ప బిత్తరపోయాడు. "ఉండేదాన్ని కోసి తీసేస్తే రక్తం యాడ తిరుగుతాది సామీ? మనిషి బతుకుతాదా?"

"రెండోది బాగుంది కదయ్యా. రెండింటి పనీ అదే చూసుకుంటుంది."

ఇంటికి పోదామని హులిగెప్ప భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"ఇంటికి పోయి ఏం చేసేది? నొప్పికి తల గోడకేసి కొట్టుకుందామనిపిస్తాండాది. కోయనీ."

ఆపరేషనయ్యాక మెలకువ వస్తూనే నడుము పక్కన నిప్పు పెట్టినట్టు మంట. దాన్ని ఓర్చుకుంటూ ఆమె నొప్పి కోసం తలంతా వెతుక్కుంది. లేదు. మత్తు దిగితే వస్తుందేమోనని భయపడింది. మర్నాడూ రాలేదు. డాక్టరు రోజూ వచ్చి పట్టీ చుట్టేవాడు, అంకె రాసుకుని పోయేవాడు. కుట్లు విప్పిన రోజు మాత్రం చెవుల్లోని గొట్టాలు తీసి నవ్వాడు.

"పోటు నాకున్నంతే ఉందమ్మా నీకూ."

పంట కోతలయ్యాక మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడూ అంతే ఉంది. మిగిలిన మూత్రపిండం కాస్త పెరిగి పని దివ్యంగా చేస్తోందన్నాడు డాక్టరు.

దేవక్క బయటికొచ్చేసరికి హులిగెప్ప గోడవారగా కూచుని తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతున్నాడు.

"ఏంది ఇది? బాగయినాంక ఏడిస్తే జనం ఏమనుకుంటారు?" అంది. అతని తువాలు లాక్కుని ముందు తన కళ్లే తుడుచుకుంది. "లే, లే. బస్సు వస్తాండాది."