కో-గైడ్ గడి

వానపాముల మీద పరిశోధన చేస్తోంది కాబట్టి డిపార్ట్‌మెంటంతా ఆ అమ్మాయిని వానపాముల పిల్ల అనేవారు. ఆమె స్కాలర్‌షిప్ అయిపోవస్తోంది. బయటి సంస్థ ఇచ్చే గ్రాంటు వస్తేనే చదువు సాగుతుంది, లేదంటే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ సంస్థ గడువు వారాంతం దాకా ఉన్నా యూనివర్సిటీ పద్ధతి వేరు. ముందు గైడ్ సంతకం, తర్వాత రీసెర్చ్ ఆఫీసు ముద్ర, ఆ పైనే దరఖాస్తు గుమ్మం దాటాలి. ఆఫీసువాళ్లు ఈ సాయంత్రం దాకానే తీసుకుంటారు.

గైడ్ మాస్టారేమో నిమ్మకు నీరెత్తినట్టు కామాలు దిద్దుతూ కూర్చున్నారు. ఒకసారి వెళితే కామా తీసేయడం, మళ్లీ వెళితే దాన్నే పెట్టడం. దేవుడిలాంటి మనిషే, కాదనను. కానీ ఆ ఎర్రపెన్ను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నానికి ఆమె అడిగేసింది. “సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే చెప్పేయండి సార్.”

మాస్టారు పెన్నుకు మూత పెట్టారు. “ఇష్టం లేక కాదమ్మా. నేను పెడితే చెల్లదు. గ్రాంటు మూడేళ్లు, నేను వచ్చే ఏడు రిటైరవుతాను. చివరిదాకా సర్వీసులో ఉండేవాళ్లే గైడ్‌గా ఉండాలట.”

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“చెప్తే నిన్ను ఇంకొకరికి అప్పజెప్పాలి. మనసొప్పలేదు.”

ఆమె కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగం గోడగడియారం చూసి అలాగే ఉంది.

వానపాముల సంగతి తెలిసిన ఇంకో మనిషి పక్కగది మేడమే. ల్యాబ్ ఫ్రిజ్‌లో పై అర ఎవరిదన్న తగువుతో ఆవిడకూ మాస్టారికీ ఏళ్లుగా మాటల్లేవు. గైడ్‌ని మార్చాలంటే పాత గైడే స్వయంగా అడగాలి. మాస్టారు చొక్కా సర్దుకుని లేచారు. పిల్ల కాగితాలు పట్టుకుని వెనకే నడిచింది.

“ఇన్నాళ్లకు దారి తెలిసిందా?” అంది మేడం, తలెత్తకుండానే.

“ఈ పిల్ల మంచిదండీ. నా మీది కోపం దీని మీద చూపించకండి. కావాలంటే పై అర మీరే ఉంచుకోండి.”

మేడం కాగితాలన్నీ చదివింది. గైడ్ గడిలో సంతకం చేసి మాస్టారి వైపు తోసింది. “ఈ కో-గైడ్ గడి మీది.”

“నేను రిటైరవుతున్నాను కదండీ.”

“రిటైరైనవాళ్లు కో-గైడ్‌గా ఉండొచ్చు. అదే రూల్లో రెండో వాక్యం. మొదటిదాని దగ్గరే ఆగిపోయారా?”

ఆగిపోయారు మరి. ప్రతి విద్యార్థికీ చివరి చుక్కదాకా చదవమని చెప్పే మనిషి, తనకు దెబ్బ తగిలినచోట ఇక ముందుకు చదవలేకపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వానపాముల పిల్లకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

సంతకం పెట్టబోతూ పెన్ను ఆపారు. “మూడో పేజీలో ఒక కామా...” మేడం తలెత్తి ఒక చూపు చూసింది. సంతకం పడింది.

పిల్ల ముద్ర వేయించుకుని పరుగున వస్తే మాస్టారి గది ఖాళీ. ఆయన పక్కగదిలో మేడం ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఆమె ప్రపోజల్ నకలు, ఇద్దరి చేతుల్లోనూ ఎర్రపెన్నులు.

గ్రాంటు వస్తే మూడేళ్లు ఈ ఇద్దరితో వేగాలి. గుమ్మంలోనే నిలబడి, అది రావాలని ఆమె ఇంకా గట్టిగా కోరుకుంది.