తోక దెబోరాది

మా ఇంట్లో విస్తళ్ళ మీద బరువుకి పెట్టే రాయి ఒకటుండేది. అడ్డాకులు కుట్టాక వాటిని దొంతరగా పేర్చి పైన బరువు పెట్టాలి. పెట్టకపోతే అంచులు అప్పడాల్లా లేచిపోతాయి. అలాంటివి డుంబ్రిగుడ సంతలో ఎవరూ ముట్టుకోరు. మాది మంచి రాయి. లేత పసుపురంగు, నునుపు, నాలుగు వైపులా ఒకటే మందం. దాని అడుగున ఆకు ఈనెల్లాంటి మరకలుండేవి. ఇన్నేళ్ళు ఆకుల మీద కూర్చున్న రాయికి ఆకు మరకలు కాక ఏముంటాయనుకుని, ఏటా క్రిస్మస్‌కి ముందు బూడిద వేసి పీచుతో తోమేదాన్ని. పోయేవి కావు.

రెండేళ్ళ కిందట నా మనవరాలు జాయ్ సెలవులకొచ్చి, ఆ రాయి తిరగేసి చూసి చాలాసేపు మాట్లాడలేదు. జాయ్ మాట్లాడకపోవడం నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను. అప్పుడు దానికి గవదబిళ్ళలు.

"మామ్మా, దీన్ని ఏటితో తోమినావు?"

"బూడిదతో."

"ఎన్నాళ్ళు?"

"మీ తాతని పెళ్ళాడిన కాడ్నుంచీ."

జాయ్ అక్కడే చతికిలపడింది.

అవి ఈనెలు కావట, ఈకలట. కోట్ల ఏళ్ళ నాటి పిట్ట రాతిలో దిగబడి ఉండిపోయిందట. జాయ్ విశాఖపట్నంలో రాళ్ళ చదువు చదువుతోంది. దాని మేష్టారు ఫల్గుణ గారు జీపు వేసుకుని వచ్చి, ఈ రాయి ఎక్కడ దొరికిందని నన్నడిగారు. దొడ్లో చూరు కింద చోటు చూపించాను. రాసుకున్నారు. అంతకు ముందు ఎక్కడుండేదని అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకపోవడానికి నా కారణం నాకుంది.

రాయి పట్టుకెళ్ళి ఆయన పెద్ద వ్యాసం రాశారు. మన కొండల్లో పిట్ట దొరికింది, ఒళ్ళంతా ఈకలు, తోక మాత్రం బల్లి తోకలా పొడుగు, అందులో ఇరవై ఏడు ఎముకలున్నాయి అని. ఒక్క తోక గురించే తొమ్మిది పేజీలు. పిట్టలు బల్లిలాంటి పెద్ద జంతువుల వంశమని చెప్పడానికి ఆ తోకే సాక్ష్యమట. మా పాస్టరు నతానియేల్ గారు, నీకేమనిపిస్తోందమ్మా అని అడిగారు. దేవుడు అయిదో రోజున పిట్టల్నీ ఆరో రోజున నేల మీద పాకే వాటినీ చేశాడు. వీళ్ళు పాకేవి ముందు, పిట్టలు తరువాత అంటున్నారు. ఒక్క రోజు తేడా, దానికి గొడవెందుకన్నాను.

గొడవ వేరే వైపు నుంచి వచ్చింది. హైదరాబాదులో భాను మేడమ్ అని ఇంకొక రాళ్ళ మేష్టారమ్మ ఉంది. ఆమె ఇలా రాసింది: "ఆ కొండల రాళ్ళన్నీ భూమి కడుపులో ఉడికి కాలినవి. వాటిలో ఎముక మిగలడమంటే కుండల ఆవంలో పెట్టిన కోడి కూస్తూ బయటికి రావడమే. పైగా తోక దగ్గర జిగురుంది. ఇది ఎవరో అతికించిన దొంగ పిట్ట."

ఫల్గుణ గారు వెంటనే, రాయి తెచ్చింది మా విద్యార్థిని అన్నారు. తోక మీద తొమ్మిది పేజీలు రాసినాయన ఒక్క వాక్యంలో పక్కకి తప్పుకున్నారు. కాలేజీవాళ్ళు జాయ్ చదువు ఆపేశారు. విచారణకొచ్చి చూస్తారట. దొంగపని అని తేలితే ఇంకెక్కడా సీటివ్వరట.

జాయ్ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

"నాను అతికించనేదు మామ్మా."

"తెలుసే."

"నీకేటి తెలుసు?"

నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఇంకో కాయ తీసుకున్నాను.

నాకెలా తెలుసంటే, అతికించింది నేను.

హుద్‌హుద్ తుఫానులో చూరు దూలం పడి రాయి ఒక మూల నుగ్గయిపోయింది. పక్కిల్లు మా ఆడబిడ్డ దెబోరాది. ఆమెకీ అలాంటి రాయే ఉంది. దాని మీద గోడ కూలి అదీ ఒక మూల విరిగింది, కానీ ఆ ముక్క నలగకుండా ఉంది. ఆమె చర్చిలో తలదాచుకున్న ఆ రెండు రోజుల్లో నేను ఆ ముక్క తెచ్చేసుకున్నాను. గుగ్గిలం కరిగించి, ఇటుక పొడి కలిపి, నా రాయికి అతికించాను. బాగా అతికింది. దెబోరా మాత్రం ఆ ముక్క ఎత్తుకెళ్ళింది దిగువింటి మంగ్లు అని పదకొండేళ్ళుగా అతనితో మాట్లాడటం లేదు. మంగ్లుకి ఎందుకు మాట్లాడటం లేదో తెలీదు. నాకు తెలుసు.

బుధవారం నాడు జీపులొచ్చాయి. ఫల్గుణ గారు, భాను మేడమ్, ఫైలు పట్టుకున్న ఆఫీసరొకాయన. పెట్టెలో దూది మధ్య నా రాయి. ఊరంతా మా దొడ్లో ఉంది, దెబోరా అందరికంటే ముందు పీట వేసుకుని కూర్చుంది.

ఆఫీసరు జాయ్‌ని అడిగాడు. "ఈ జిగురు ఎవరిది?"

జాయ్ నేల చూస్తోంది. నా కొంగు పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి దొరికినప్పుడు అలాగే పట్టుకుంది.

"నాది బాబూ," అన్నాను. "గుగ్గిలం. మా జాయ్ గుంటకి ఏటీ తెలీదు."

"మరి తోక?"

"తోక దెబోరాది."

ఫల్గుణ గారు కళ్ళజోడు తీశారు. దెబోరా పీట మీంచి లేచింది.

"ఒలే గంగా! నువ్వా?"

"నానే వదినా."

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళ బట్టి నా ఇస్తర్లు ఒక మూల లేసిపోతన్నాయి! సంతలో నీ కట్ట ముందు పోతాది, నాది మిగిలిపోతాది. సెయ్యి బాగోనేదు అనుకుని కుట్టు కూడా మార్సీసినాను!"

"తప్పయిపోనాది వదినా."

"మంగ్లుగాడి పెళ్ళికి కూడా ఎల్లనేదు!"

"మంచి భోజనం దెబోరమ్మా," అన్నాడు మంగ్లు వెనక నుంచి. "మేకపోతు."

భాను మేడమ్ చేయెత్తింది. "ఒకేలాంటి రాళ్ళు రెండు మీకెక్కడివి?"

ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది ఆవిడే. చెప్పాను. మా మామగారు ఎలీయేజరు ఒడిశా వైపు ఒక మిషన్ అచ్చాఫీసులో పనిచేసేవాడు. అప్పట్లో రాతి మీద జిడ్డు సిరాతో రాసి, నీళ్ళతో తడిపి, కాగితం వేసి ఒత్తేవారు. ఆ రాళ్ళు దొరల దేశం నుంచి ఓడలో వచ్చాయి. ఆఫీసు మూసేశాక ఒక రాయి తీసుకుపొమ్మన్నారట. కావిడికి రెండు వైపులా బరువు సమంగా ఉండాలి కదా, అందుకని ఇంకొకటి అడిగి తెచ్చాడు. ఒకటి కొడుక్కి, ఒకటి కూతురికి.

దెబోరా రాయి మోసుకొచ్చారు. జాయ్ దాని మీద నీళ్ళు చల్లింది. ఒడియా అక్షరాలు అద్దంలోలా తిరగబడి తేలాయి. అడుగు వైపు తిప్పితే విరిగిన మూల దగ్గర చిన్న బల్లి, తోక లేకుండా ఉంది. భాను మేడమ్ గుగ్గిలం కరిగించి నా రాయి నుంచి తోక ఊడదీసి దాని పక్కన పెట్టింది. ఎముకకి ఎముక కలిసింది.

"ఇది అచ్చుకి వాడే జర్మనీ రాయి. పిట్ట నిజమైనదే," అంది ఆవిడ. "మీ కొండలదీ కాదు, దొంగదీ కాదు."

ఆఫీసరు ఫైల్లో రాస్తూ, ఆ అమ్మాయి తప్పేమీ లేదు అని పైకే చదివాడు. జాయ్ నా భుజం మీద తల పెట్టింది. ఫల్గుణ గారు తన తొమ్మిది పేజీలూ తిరగేసుకుంటున్నారు.

"అయితే ఈ పిట్ట అసలు తోక ఎలా ఉండేది?" అన్నారాయన.

"పొట్టిగా," అంది భాను మేడమ్.

"పొడుగ్గా," అన్నారాయన.

ఇద్దరూ మళ్ళీ మొదలెట్టారు. జాయ్ నా వైపు తిరిగింది.

"మామ్మా, నుగ్గయిపోయిన మూల ఏటి సేసినావు?"

"పారేత్తానేటే? మట్టిలో కలిపి పొయ్యి మెత్తీసినాను."

 ముగ్గురు రాళ్ళవాళ్ళూ నా పొయ్యి వైపు చూశారు. దాని మీద అంబలి ఉడుకుతోంది. పొయ్యి విప్పాలని ఫల్గుణ గారు, విప్పాల్సిందేనని భాను మేడమ్. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారని ఆఫీసరు తరువాత చెప్పాడు. ఎవరు విప్పాలన్న దగ్గర మళ్ళీ తేడా వచ్చింది.

"నాను ఇప్పుతాను," అంది జాయ్. "అది మా మామ్మ పొయ్యి."

అలా దాని చదువు ఇప్పుడు నా పొయ్యి మీద నడుస్తోంది. జల్లెడ పట్టి, చిన్న పట్టకారుతో ఏరి, ఇప్పటికి తోక ఎముకలు నాలుగు పట్టింది. నేను దెబోరా ఇంట్లో వండుకుంటున్నాను. ఆమె అంబలి గిన్నె దించుతూ రోజూ ఒకే మాట అంటుంది.

"ఉప్పు నా డబ్బాలోది. అడిగి తీసుకో."