గది ఖాళీ చేయండి

ఆ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఒక పాత వెటకారం ఉంది. ఎవరి ప్రయోగమైనా బెడిసికొడితే పక్కవాళ్ళు జాలిగా తల పంకించి, "పాపం, గదిలో జనం ఉన్నట్టున్నారు" అంటారు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠాల కంటే ముందు ఈ మాట వంటబడుతుంది. ఆ మాట వెనకున్న మనిషి గురించి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు.

ఆయన ముత్తాతల కాలం నాటివాడు. అసలు పేరు మరుగునపడి, తీగ మాస్టారుగానే మిగిలాడు. లోహపు తీగను నిలువుగా వేలాడదీసి, కింద ఒక్కసారిగా బరువు పడేలా చేస్తే, సాగిన తీగ రవ్వంత చల్లబడుతుందని ఆయన చెప్పాడు. రవ్వంత అంటే మన చర్మానికి జన్మలో తెలియనంత. అది ఎంతో అంకెలతో సహా రాశాడు. అప్పటి పండితులు సంఘంగా వచ్చి, ఆయన గదిలోనే ఆయన చుట్టూ నిలబడి, ఏదీ చూపించమన్నారు. ఆయన చూపించలేకపోయాడు. చివరికి, "గది ఖాళీ చేయండి, అప్పుడు వస్తుంది" అన్నాడట. వీధి గారడీవాడు కూడా ఇంతకంటే మంచి సాకు చెబుతాడు. సంఘంవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుని వెళ్ళిపోయారు.

తమాషా ఏమిటంటే, తీగ చల్లబడటం నిజమేనని తర్వాతి తరాలవాళ్ళు తేల్చారు. ఆయన అంకెలు కూడా సరిపోయాయి. దాంతో ఆయన మచ్చ మాసిపోవాల్సింది పోయి ఇంకా ముదిరింది. ఆ కాలపు పనిముట్లతో అంత సూక్ష్మం కొలవడం ఎవరి తరమూ కాదు, కాబట్టి జవాబును కాగితం మీద లెక్కకట్టి, కొలిచానని బొంకాడు అని తీర్మానించారు. తప్పు చెప్పినవాడిని లోకం క్షమిస్తుందేమో గానీ, కారణం చూపకుండా ఒప్పు చెప్పినవాడిని మాత్రం వదలదు.

ఈ తీగ మాస్టారు అబద్ధమాడలేదని నమ్మిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె అదే కళాశాలలో పాత పరికరాల ప్రదర్శనశాలకు అధికారిణి. మాస్టారి గది, అందులోని సామాను ఆమె చేతి కిందే ఉన్నాయి. ఆయన రాసిన వ్యాసాలన్నీ ఆమె చదివింది. తన తప్పుల్ని తనే ఏకరువు పెట్టుకున్న మనిషి, చెడిపోయిన కొలతల్ని కూడా దాచకుండా అచ్చువేయించుకున్న మనిషి, ఒక్కచోట మాత్రం ఎందుకు బొంకుతాడు? ఆమె నమ్మకానికి పునాది అంతే. కొన్నేళ్ళుగా ఆయన పనిముట్లతోనే ఆ ప్రయోగం చేస్తోంది, కొన్నేళ్ళుగా భంగపడుతోంది. అందుకే సొంత అన్నయ్య ఆమెకు మొండిఘటం అని పేరు పెట్టాడు.

అన్నయ్య అదే కళాశాలలో భౌతికశాస్త్రం ఆచార్యుడు. దేశమంతా చదివే పాఠ్యపుస్తకం ఆయన రాసిందే. అందులో శాస్త్రంలో జరిగిన మోసాల మీద ఒక అధ్యాయం ఉంది, అది తీగ మాస్టారితోనే మొదలవుతుంది. ఇక పండగలకీ పుట్టినరోజులకీ ఆ ఇంట్లో భోజనాలు ఎలా జరిగేవో చెప్పక్కర్లేదు. వదిన పళ్ళ డాక్టరు. ఆమె ఇద్దరి మధ్యా కూర్చుని, "నోరు నమలడానికి కూడా పనికొస్తుంది, గుర్తుందా?" అంటూ వడ్డించేది.

ఇప్పుడు వ్యవహారం భోజనాల బల్ల దాటి వచ్చింది. ప్రదర్శనశాలను కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. మాస్టారి గది తలుపు మీద తగిలించడానికి 'కొలవకుండానే అంకెలు అల్లిన చోటు' అని ఇత్తడి పలక చేయించారు. ఆమె దాన్ని తగిలించనని భీష్మించుకు కూర్చుంది. విసిగిపోయిన పాలక సంఘం అధ్యక్షుడు ఒక్క రోజు గడువిచ్చాడు. మాస్టారి పనిముట్లతో, మాస్టారి గదిలో, మా కళ్ళముందు చేసి చూపించు. లేదా ఆ పలకను నీ చేత్తోనే తగిలించు అన్నాడు.

ఆ రోజు పొద్దున సంఘం మొత్తం గదిలో కిక్కిరిసింది. పైకప్పు నుంచి తీగ వేలాడుతోంది. దాని నడుముకు వేడిని పసిగట్టే లోహపు జంట బిగించి ఉంది. అక్కడినుంచి వైరు ఒక గాజు గంటలోకి వెళ్తుంది. గంటలో పట్టుదారానికి వేలాడే చిన్న అద్దం. కిటికీ రెక్కలోని చీలిక గుండా వచ్చిన దీపపు కాంతి ఆ అద్దం మీద పడి, ఎదుటి గోడకున్న తెల్లని కొలబద్ద మీద వెలుగు చుక్కగా నిలుస్తుంది. తీగ చల్లబడితే అద్దం తిరుగుతుంది, చుక్క జరుగుతుంది. ఎంత జరగాలో మాస్టారు ఏనాడో రాసిపెట్టాడు.

అన్నయ్య తీగకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

"నా చెల్లెలు కదా అని ఒక్క పిసరు కూడా సడలించను. అందరూ దగ్గరికి రండి, బాగా చూడండి" అన్నాడు.

"నువ్వు సడలించాలని ఎవరడిగారు?" అంది ఆమె.

బరువు కింద పెట్టిన చెక్కను లాగేసింది. బరువు తీగను లాగింది. చుక్క కొలబద్ద మీద అటు ఊగింది, ఇటు ఊగింది, ఒకచోట ఆగలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే తంతు. చుట్టూ ఉన్నవాళ్ళు మరింత ముందుకు వంగి చూసేకొద్దీ చుక్క మరింత కుదురు లేకుండా పోయింది. వెనకనుంచి ఎవరో, "గదిలో జనం ఉన్నారు మరి" అన్నారు. నవ్వులు వినబడ్డాయి. ఆమె చెవులు వేడెక్కాయి.

అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. "భోజనం చేసి వద్దాం. ఆ తర్వాత ఒక్క అవకాశం. అంతే అమ్మా" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. ఆమె వరండాలో బల్ల మీద కూలబడింది. వదిన ఆస్పత్రి నుంచి తెల్లకోటు కూడా విప్పకుండా క్యారియర్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ముందు తిను. ఓడిపోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి."

"నాకు ఆకలిగా లేదు వదినా. ఆ మనిషి అబద్ధాలకోరు కాదు. నాకే చేతకావడం లేదు. రేపు ఆ పలక నేనే తగిలించాలి." చెబుతూనే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. తనకు జరిగిన అవమానం కంటే, చచ్చిపోయిన మనిషికి తనవల్ల రెండోసారి జరిగిన అవమానమే ఆమెను ఎక్కువ కోస్తోంది.

వదిన వీపు మీద చెయ్యి వేసింది. అలా ఎంతసేపు కూర్చున్నారో వాళ్ళకే తెలియదు. కళ్ళు తుడుచుకుని తలెత్తిన ఆమెకు, ఓరగా తెరిచి ఉన్న తలుపు సందులోంచి ఎదుటి గోడ కనిపించింది. కొలబద్ద కనిపించింది. దాని మీద వెలుగు చుక్క మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

ఇన్నేళ్ళలో ఆ చుక్క అలా నిలబడటం ఆమె చూడలేదు. లేచి లోపలికి పరిగెత్తింది. ఆమె కొలబద్ద దగ్గరికి చేరేసరికి చుక్క వణకడం మొదలుపెట్టింది. ఆమె బయటికి వచ్చింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, చుక్క మళ్ళీ కుదుటపడింది.

"అన్నయ్యని పిలువు వదినా. అన్నం మధ్యలో ఉన్నా సరే లాక్కురా."

అన్నయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె ఆయన్ని వరండాలో నిలబెట్టి చుక్కను చూపించింది. తర్వాత, "ఇప్పుడు నువ్వు లోపలికి వెళ్ళి తీగ పక్కన నిలబడు" అంది. ఆయన వెళ్ళాడు. చుక్క ఊగింది. బయటికి వచ్చి, అది కుదురుకునేదాకా ఆగి, మళ్ళీ వెళ్ళాడు. ఆచార్యుడి మొహం పోయి, బొమ్మ విప్పి చూసే పిల్లవాడి మొహం వచ్చింది. ఎన్నిసార్లు వెళ్ళివచ్చాడో గానీ, చివరికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఒంటి వేడి" అన్నాడు. "మనిషి నిలబడితే చాలు, చుట్టూ గాలి వెచ్చబడి పైకి లేస్తుంది. అది చాలు దాన్ని చెడగొట్టడానికి. మోసం జరక్కుండా కాపలా కాద్దామని ఆనాటి పండితులందరూ దగ్గరగా నిలబడ్డారు చూడు, ఆ కాపలాయే కొంప ముంచింది. పొద్దున నేనూ అదే పని చేశాను."

"అంటే వాళ్ళు చూసిందీ నిజమే, ఆయన చెప్పిందీ నిజమే" అంది చెల్లెలు.

"ఆగు, ఆగు, ఊరికే తేలిపోకు. గదిలో ఎవరూ లేకపోతే బరువు వదిలిందెవరు? చుక్కను చూసిందెవరు? అది చెప్పకపోతే నా అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చను."

చాలా మంచి ప్రశ్న. ఆమెకు కోపం రావాల్సింది, రాలేదు. ఇన్నేళ్ళ పోట్లాటలో అన్నయ్య తనవైపు నిలబడి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె కళ్ళు గదంతా వెతికాయి. కిటికీ దగ్గర ఆగాయి.

"అన్నయ్యా, ఆయన వ్యాసంలో వేసిన బొమ్మలో దీపం కిటికీ అవతల ఉంది. పొగ రాకుండా అనుకుని నేనూ అలాగే పెట్టాను. కానీ పొగకి కాదు, వేడికి. దీపాన్నే బయట పెట్టినవాడు తనని లోపల ఎందుకు పెట్టుకుంటాడు?"

అంటూనే ఆమె గదిలోకి నడిచింది. వరండా వైపు గోడ అడుగున మేకుకొట్టి ఉన్న చిన్న ఇత్తడి కప్పీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాని మీద తన గొడుగు మొన ఆనించి ఉంది. ఇన్నేళ్ళుగా రోజూ అక్కడే ఆనిస్తోంది, అది గొడుగుల కోసమే పుట్టినట్టు. తాడు జారడానికి పెట్టిన కప్పీ ఉందంటే, తాడు గోడలోంచి బయటికి పోవాలి. గోడ చూస్తే తెల్లగా, నున్నగా ఉంది. ఎవరు ఎప్పుడు సున్నం మెత్తారో.

"తప్పుకోండి" అంది వదిన. కోటు జేబులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీసి, దాని కాడతో వరండా వైపునుంచి గోడను టకటకా కొట్టుకుంటూ పోయింది. గట్టి చప్పుడు, గట్టి చప్పుడు, ఉన్నట్టుండి బోలు చప్పుడు. "ఇక్కడ పుచ్చింది" అని వేలు పెట్టి చూపించింది. కంటి ఎత్తున ఒకటి, కప్పీకి ఎదురుగా ఒకటి.

పాత గోడకు గీత పడితే ప్రాణం పోయినట్టు గగ్గోలు పెట్టే ఆ అధికారిణి, తనే స్క్రూడ్రైవర్ పట్టుకుని మెల్లగా గుచ్చింది. పెచ్చు ఊడిపడింది. వెనక గుండ్రని రంధ్రం, అంచుకు ఇత్తడి తొడుగు. ఆమె దానికి కన్ను ఆనించింది. కొలబద్ద, దాని మధ్యలో వెలుగు చుక్క, సరిగ్గా చూపుకు ఎదురుగా ఉన్నాయి.

"ఇంత ముఖ్యమైన సంగతి వ్యాసంలో ఎందుకు రాయలేదు ఈ మహానుభావుడు?" అన్నాడు అన్నయ్య.

"నీ పుస్తకంలో 'కళ్ళు తెరిచి చూడండి' అని ఎక్కడైనా రాశావా? ఆయనకి ఇది అంత మామూలు" అంది చెల్లెలు. తనకంటే ముందు ఆ రంధ్రానికి కన్ను ఆనించిన మనిషి ఆయనేనేమో అనిపించింది.

సంఘం తిరిగివచ్చేసరికి కింది రంధ్రం కూడా తెరిచి, బరువుకు కట్టిన తాడును పైకప్పు కొక్కెం మీదుగా, కప్పీ కిందుగా వరండాలోకి తెచ్చారు. లాగితే బరువు లేస్తుంది, వదిలితే పడుతుంది. అన్నయ్య అందరినీ గదిలోకి పంపి, మూలమూలా వెతికించి, బయటికి రప్పించి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి అధ్యక్షుడి చేతిలో పెట్టాడు. గది చల్లారేదాకా ఆగాలన్నాడు. జనం గొణిగారు. ఆయన లెక్కచేయలేదు.

"ఇక లాగు" అన్నాడు చెల్లెలితో.

అధ్యక్షుడు రంధ్రానికి కన్ను ఆనించాడు. ఆమె తాడు లాగి, కాసేపు ఆగి, ఒక్కసారిగా వదిలింది. లోపల బరువు పడిన చప్పుడు మెత్తగా వినిపించింది. అధ్యక్షుడు కన్ను తీయలేదు.

"జరిగింది" అన్నాడాయన. "జరిగి, ఆగిపోయింది. మాస్టారు రాసిన గీత మీదే ఆగింది."

బరువును తాడుతోనే పైకెత్తి మళ్ళీ వదిలింది. ఇంకొకరు చూశారు. అదే గీత. పొద్దున వెనకనుంచి వెటకారం ఆడినవాడు కూడా చూశాడు. అదే గీత. వరసగా నిలబడి ఒక్కొక్కరూ ఆ చిన్న రంధ్రం ముందు వంగి, తలలు దించి చూశారు. ఎవరు చూసినా చుక్క మాట తప్పలేదు. ముత్తాతల కాలం నాటి ఇత్తడి, పట్టుదారం, ఒక మనిషి ఓర్పు కలిసి, ఎవరివల్లా కాదన్నదాన్ని వరసగా చేసి చూపించాయి. ఆమె తాడు లాగుతూనే ఏడుస్తోంది. ఆ కన్నీళ్ళు దాచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

అన్నయ్య అందరికంటే చివర చూశాడు, అందరికంటే ఎక్కువసేపు చూశాడు. నిటారుగా లేచి, "ఆ అధ్యాయం మొదటి పేరా ఇవాళే కొట్టేస్తాను" అన్నాడు. ఆ వెంటనే, "రేపు ఇంకో గదిలో, ఇంకో తీగతో నేనే చేస్తాను. నీది తప్పని తేల్చడానికి నా శాయశక్తులా ప్రయత్నిస్తాను" అన్నాడు.

"తేల్చు చూద్దాం" అంది చెల్లెలు. తన అన్నయ్య ఎవరికీ ఇంతకంటే పెద్ద గౌరవం ఇవ్వడని ఆమెకు తెలుసు.

అధ్యక్షుడికి ఉత్సాహం ఆగలేదు. "ఆ తీగను ఒక్కసారి దగ్గరగా చూడాలి, పదండి" అంటూ తాళం తీయబోయాడు. సంఘమంతా తలుపు మీదికి ఒరిగింది.

అన్నయ్య ఒక్క అంగలో వెళ్ళి తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"క్షమించాలండీ. లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. ప్రయోగం ఇంకా నడుస్తోంది. గది ఖాళీగా ఉండాలి."

ఆ వరండాలో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడు తాళంచెవి జేబులో వేసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తాడు అందుకుంది.