అరవైమందిలో నలభై ఆరు

మధ్యాహ్నం గంజి తాగాక, కోవిల్‌పట్టి దారిలోని అగ్గిపెట్టెల షెడ్డులో అరవైమంది ఆడవాళ్లు మళ్లీ చట్రాల ముందు కూర్చున్నారు. 1999 ఆగస్టు. విరుదునగర్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే వాసుకి కాగితాలతో వచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్ల అధికారం గురించి ఈ అరవైమందినే అడిగి పరిశోధన రాసింది. మదురైలో ప్రొఫెసర్లు విని చప్పట్లు కొట్టారు. వీళ్లకింకా చెప్పలేదు.

"మేం చెప్పిన పేచ్చంతా ఇంగ్లీషులో అచ్చేసినావంటనే," అంది తంగం, పుల్లలు పేరుస్తూనే.

"పేర్లు వెయ్యలేదక్కా."

"పేరెందుకు టీచరమ్మా? కాళ్లు చెప్పవా?"

ఆ ఊళ్లో ఏ లెక్కయినా పైకి చదివితే, అందులోకి వచ్చేవాళ్లు నేలకు జానెడు ఎత్తు లేస్తారు. అందుకే జనాభా లెక్కలాయన కూడా పలక మీద రాసి చూపించి పోయేవాడు.

షెడ్డు మేస్త్రీ అళగర్‌సామి గుమ్మంలో నిలబడ్డాడు. పుల్లలు పేరుస్తున్న అతని భార్య మాయక్కాళే పంచాయతీ అధ్యక్షురాలు. మూడేళ్లుగా కుర్చీలో కూర్చునేది మాత్రం అతను. బోరు కాంట్రాక్టు కాగితం మీద ఆమె సంతకం పెట్టనన్నందుకు, రాజీనామా మీద పెట్టించాడు. అది అతని జేబులో ఉంది. రెండు గంటల బస్సులో విరుదునగర్ కలెక్టరాఫీసుకు వెళ్తుంది.

"చదువు టీచరమ్మా. అందరూ నా పక్కమే. నాతోనే చెప్పినారు."

వాసుకి చదవలేదు. ఎవరేమన్నారో బయటపడదని అందరికీ మాటిచ్చింది. పైకి లేచినవాళ్లకు రేపు ఇక్కడ పని ఉండదు.

"చదవమంటారా?" అని వాళ్లనే అడిగింది.

పుల్లల చప్పుడు ఆగింది.

"చదువమ్మా," అంది మూలనుంచి అళగర్‌సామి తల్లి వెంకటమ్మాళ్.

"అధ్యక్షురాలే కుర్చీలో కూర్చోవాలన్నవాళ్లు, అరవైమందిలో నలభై ఆరుగురు."

తంగం లేచింది, కూర్చున్నది కూర్చున్నట్టే, ఒళ్లో చట్రంతో. ఆమె వెనక వరస మొత్తం లేచింది. అళగర్‌సామి చూపు ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయి మూలలో ఆగింది. వాళ్లమ్మ కింద చీర కుచ్చెళ్లు గాలికి ఆడుతున్నాయి.

అతను భార్యను వెతికాడు. మాయక్కాళ్ నేల మీదే ఉంది.

"చూసినారా? దానికే అక్కర లేదు."

"టీచరమ్మ అడిగిన దినం నువ్వు నా పక్కన కూచోనుంటివి," అంది మాయక్కాళ్.

"కాగితం కోడలికియ్యిరా," అంది వెంకటమ్మాళ్, పైనుంచి.

బయట బస్సు హారన్ కొట్టింది. నలభై ఆరుగురిని ఒకేసారి పని మాన్పిస్తే షెడ్డు నడవదు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు విన్నాక అతను జేబులో చెయ్యి పెట్టాడు.

మాయక్కాళ్ ఆ కాగితం చింపలేదు. మడిచి రొంటిన దోపుకుంది.

"టీచరమ్మా, అప్పుడు నేను చెప్పింది ఇప్పుడు మార్చుకోవచ్చునా?"

పరిశోధన నియమాల ప్రకారం కుదరదు. వాసుకి నలభై ఆరు కొట్టేసి, నలభై ఏడు రాసి, మళ్లీ పైకి చదివింది.