చాలని వెలుతురు

పై పళ్ళవరుస ఒక్కటే బల్లమీద పెడితే ఏడుపు మొహంలా ఉంటుంది, కింది వరుస కూడా చేర్చామంటే నవ్వొచ్చేస్తుంది చూడు అని పెళ్ళైన కొత్తలో ఆయన రెండు వరుసలూ కలిపి టకటకలాడించి చూపించిన సంగతి, తడిగుడ్డతో బల్లమీది గోడదుమ్ము తుడుస్తుంటే ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, అప్పుడు భయపడి కెవ్వుమంది కూడా, ఇన్నేళ్ళలో ఎంతమందికి కట్టుడు పళ్ళు చేసిపెట్టాడో ఈయన, ఎక్కడైనా పెళ్ళిలో ఓ ముసలాయన నోరారా నవ్వితే ఆ పళ్ళు నావే అని చెవిలో చెప్పి మురిసిపోయేవాడు, ఇప్పుడదే బల్లమీద పళ్ళ డాక్టరమ్మ తిప్పిపంపిన సెట్లు వరసగా పడున్నాయి, రంగు కలవలేదట, పక్కపన్ను తెల్లగా ఉంటే ఇది పచ్చగా ఉందట, మీ పనిలో ఇలా ఎప్పుడూ లేదే అని ఆవిడే నొచ్చుకుందట, వెనకాల ఠకాఠకా సుత్తిదెబ్బలు, తమ్ముడు స్విచ్‌బోర్డు పక్కన గోడ పగలగొడుతున్నాడు, మొన్నమొన్న రంగేసిన గోడ, ఆ రంగు తనే ఏరికోరి ఎంచుకుంది, ఒక్కో పెచ్చూ ఊడిపడుతుంటే తన ఒంటిమీద పడ్డట్టే ఉంది, పోనీ, పగిలితే పగిలింది, గోడే కదా, మళ్ళీ పూసుకోవచ్చు, ఈ బావాబావమరుదుల మధ్య పగిలినదాన్ని పూయడానికి ఏ మేస్త్రీని పిలవాలి.

కరెంటు పని తమ్ముడికే ఇద్దామన్నది తనే, ఇంటి తీగలన్నీ పాతబడి పైతోలు ఊడిపోయి వానాకాలం గోడమీద చెయ్యేస్తే జివ్వుమనేది, ఊరందరి ఇళ్ళకూ వైరింగు కాంట్రాక్టు చేసేవాడు మనవాడే ఉండగా పరాయివాణ్ణి పిలవడమేమిటండీ అంది, ఆయన కూడా అవునవునన్నాడు, వరండా పక్కగదిని పనిగదిగా చేసుకుని ఎక్కడ ఏ దీపం కావాలో తనే దగ్గరుండి గోడమీద పెన్సిలుతో గుర్తులు పెట్టించాడు, పని నడిచినన్నాళ్ళూ ఇద్దరి వేళాకోళాలకూ అంతే లేదు, జాగ్రత్త బావా, నీకు షాక్ కొడితే మా అక్క గతేం కానని వాడు, నాకు షాక్ కొట్టింది మీ అక్కని చూసిననాడేరా, ఇంక దేనికీ చలించనని ఈయన, వంటింట్లోంచి వింటూ తను నవ్వుకునేది, ఆ నవ్వు ఇంకా మొహాన ఉండగానే మొదలైంది, వెలుతురు చాలడం లేదురా అని, వాడొచ్చి ట్యూబులైటు మార్చాడు, వెలుగు పచ్చగా ఉందిరా, సరే తెల్లది బిగించాడు, మిణుకుమిణుకుమంటోందిరా, వోల్టేజీ రావడం లేదురా, స్విచ్చు తలుపుకి తప్పు పక్కన పెట్టావురా చేతికి అందట్లేదు, నువ్వు గీసిన గుర్తు మీదే కదా బావా పెట్టింది, అయితే నేనే తప్పంటావు, వాడు మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి ఓరోజు నిచ్చెన దిగుతూ సూర్యుణ్ణి తెచ్చి వేలాడదీయనా బావా అని నోరు జారాడు, ఆయన అది మనసులో పెట్టుకున్నాడు, పెట్టుకుని పెట్టుకుని పెద్దమ్మ మనవరాలి పెళ్ళిలో, భోజనాల దగ్గర, నలుగురూ వింటుండగా, మా బావమరిది నా ఇంట్లో నాసిరకం తీగ వేశాడండీ, సొంతక్క ఇల్లని కూడా చూసుకోలేదు అనేశాడు.

ఆ నలుగురిలో ముగ్గురి ఇళ్ళకు కరెంటు పని చేసింది వాడే, తల కొట్టేసినట్టయి ఉంటుంది, కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు, వెనకాలే పరిగెత్తితే స్కూటరు స్టార్టు చేస్తూ నన్ను దొంగని చేశాడక్కా అన్నాడు, గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది, అమ్మ పోయినప్పుడు వాడికి మాటలు కూడా సరిగా రావు, తన జడ చివర గుప్పెట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు, తను కదిలితే లేస్తాడని ఒకే పక్కకి తిరిగి పడుకుని మెడ పట్టేసేది, అలాంటివాడు అప్పట్నుంచి గుమ్మం తొక్కలేదు, కూరగాయల మార్కెట్లో కలిస్తే నిలబడే రెండు మాటలు, బావెలా ఉన్నాడు అని అలవాటుకొద్దీ అడిగేసి వెంటనే మొహం తిప్పుకునేవాడు, ఇంటికొస్తే ఆయన, మీవాడు కనిపించాడా అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే పేపరు అడ్డం పెట్టుకునేవాడు, ఎడమొహం పెడమొహం ఇద్దరూ, మధ్యలో ఎటు తిరిగినా నేరమే తనకి, నిన్న వాడి ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకుంది, ఒక్కసారి రారా, నాకోసం రా, వస్తానక్కా, కానీ గోడ పగలగొట్టి తీగ బయటికి లాగి బావ చేతిలో పెడతా, నేను వేసింది ఏ రకమో చూసి అప్పుడు చెప్పమను, అదీ షరతు, పొద్దున్న రావడం రావడమే ఓ పెద్ద అట్టపెట్టె చంకలో పెట్టుకొచ్చాడు, బట్టల షోరూముల్లో పెట్టే దీపమట, ఇది వేశాక కూడా చాలదంటే ఇంక ఈ ఊళ్ళో చాలే దీపం లేదు అన్నాడు, ఆమెతోనే అన్నాడు, ఆయన వినాలని అన్నాడు.

సుత్తి ఆగింది, ఇదిగో బావా అని గోడలోంచి తీగ బారెడు లాగి, ముట్టుకుని చూడు, నాసిరకమో మేలురకమో నువ్వే చెప్పు, ఆయన కుర్చీలోంచే చెయ్యి చాపాడు, తమ్ముడే ఆ చేతికి తీగ అందించాడు, ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా నలిపాడు, తీగవంక చూడనైనా లేదు, అదీ అలవాటే, పళ్ళసెట్టు అంచు నునుపు చేసేటప్పుడు కూడా కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చూసుకుంటాడు, నోట్లో గుచ్చుకునే గరుకు కంటికి దొరకదే, వేలికే దొరుకుతుంది అంటాడు, కాకపోతే ఈమధ్య అన్నీ వేళ్ళతోనే, మంచినీళ్ళ గ్లాసు కూడా బల్లమీద చెయ్యి జరుపుకుంటూ వెళ్ళి పట్టుకుంటాడు, మొన్న మైనం కరిగించే దీపం మీదికి అలాగే జరిపి వేళ్ళు కాల్చుకుని నువ్వే దాన్ని పక్కకి జరిపావని ఆమె మీద కస్సుమన్నాడు, జరిపానేమోలే అనుకుంది, పొద్దుగూకాక స్కూటరు తియ్యడం మానేశాడు, రోడ్లన్నీ గుంటలే అన్నాడు, నిజమే గుంటలే అంది, డాక్టరమ్మ చీటీ వస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టాను నువ్వు చదువు అంటాడు, చదువుతుంది, కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంటుంది, వయసు, కోపం, పరధ్యానం, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి సర్దేసుకుంది తను, మంచిదేరా తీగ అని ఆయన గొణిగాడు, అయినా జాయింట్లలో ఏం చేశావో ఎవరికి తెలుసు, తమ్ముడు పళ్ళు పటపట కొరకడం ఇక్కడికి వినపడింది, వాడు స్టూలెక్కి పాత దీపం విప్పి కొత్తది బిగించడం మొదలుపెట్టాడు, భగవంతుడా ఈ ఒక్కటీ ఆయనకి నచ్చాలి, నచ్చితే మధ్యాహ్నం ఇద్దరికీ ఎదురెదురుగా వడ్డిస్తాను, అంతకంటే ఏం అడగను.

స్విచ్చు పడింది, ఆమె అమ్మో అని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది, గదిలో గాల్లో తేలుతున్న దుమ్ము రేణువు రేణువూ కనిపిస్తోంది, ఆ మూల గోడకి ఆనించిన చీపురు పుల్ల పుల్లా లెక్కపెట్టుకోవచ్చు, ఆయన చొక్కా కాలరు మీద మైనం చుక్క, దవడ కింద గడ్డం గీసుకున్నప్పుడు వదిలేసిన తెల్లటి వెంట్రుకల పట్టీ, ఇదెప్పట్నుంచి వదిలేస్తున్నాడు, ఎంత నీటుగాడు, పెళ్ళిచూపులనాడు గడ్డం ఎంత నున్నగా ఉందో అని పిన్ని ఆటపట్టించింది, తమ్ముడు స్టూలు మీంచే గెలిచినవాడిలా, ఆఁ, ఇప్పుడేమంటావు బావా అన్నాడు, ఆయన మొహం పైకెత్తాడు, సరిగ్గా ఆ దీపంలోకే చూశాడు, రెప్ప వాల్చలేదు, కళ్ళు చిట్లించలేదు, అటూ ఇటూ చూసి, ఏం మారిందిరా, అదే మసక, ఆ మూల చూడు చీకటి అలాగే ఉంది అని చీపురున్న మూలకి వేలు చూపించాడు.

ఇంక వీడు అరుస్తాడు, సుత్తి విసిరికొట్టి వెళ్ళిపోతాడు, ఇదే ఆఖరు అనుకుంది, తమ్ముడు అరవడానికి నోరు తెరిచాడు కూడా, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, వాడు ఆ మూలకి చూశాడు, ఆయన మొహంలోకి చూశాడు, తర్వాత ఆమెవైపు తిరిగాడు, ఆ చూపు ఆమెకు తెలుసు, అమ్మని ఇంట్లోంచి తీసుకెళ్తున్నప్పుడు తన పావడా పట్టుకుని ఇలాగే పైకి చూశాడు, ఏమైందక్కా అని, గుంటల రోడ్లు, జేబులో కళ్ళజోడు, చేతికందని స్విచ్చు, రంగు కలవని పళ్ళు అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి, బల్ల అంచు పట్టుకుంది, తమ్ముడు స్టూలు దిగాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు, అప్పుడు మెల్లగా, అవును బావా, తప్పు నాదే, లోపల జాయింట్లలో కక్కుర్తిపడ్డాను, నువ్వన్నదే నిజం అన్నాడు.

అబద్ధం, పచ్చి అబద్ధం, వాడి చేతిపని ఎలాంటిదో ఆమెకు తెలియదా, పేరు పోయిందని అన్నం ముందు నుంచి లేచిపోయినవాడు ఇప్పుడు ఆ పేరుని తనే తీసి ఆయన కాళ్ళముందు పెట్టేశాడు, నా తండ్రే, నా చిట్టితండ్రే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడిస్తే ఆయనకు తెలిసిపోతుంది, తెలియనివ్వకూడదు, ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి ఏదో వంకతో తీసుకెళ్ళాలి, నాకే తలనొప్పిగా ఉంది తోడు రండి అంటే వస్తాడు, తమ్ముడు ముందే వెళ్ళి డాక్టరుతో మాట్లాడతాడు, ఆయనకి మెల్లమెల్లగా చెప్పాలి, లేదా చెప్పనే వద్దు, పళ్ళ డాక్టరమ్మకి ఫోన్ చేసి రంగులు నేను చూసిపెడతానని బతిమాలుకోవాలి, రంగులు పోల్చి చూసే ఆ నమూనా పళ్ళ పట్టీ పట్టుకుని నేర్చుకుంటాను, ఎంతలో నేర్చుకోలేను, ఆయన పక్కన కూర్చుని ఇది తెలుపు ఇది కాస్త పచ్చ అని మాటల్లో మాటగా అనేస్తే ఆయనకి అనుమానం కూడా రాదు, ఇదంతా ఆమె తలలో గిరగిరా తిరుగుతుండగా తమ్ముడు, రేపే మొత్తం లాగేసి కొత్తవి వేస్తాను బావా, ఒక్కపూట పని, ఇల్లంతా పట్టపగల్లా అయిపోతుంది చూడు అంటున్నాడు.

ఆయన గెలిచాడు కదా, చూశావా నేను చెప్పలేదూ అని తొడ చరచాలి, బావమరిదిని ఇంకో నాలుగు మాటలనాలి, కానీ ఆయన చెయ్యి బల్లమీద తడుముకుంటూ వెళ్ళి అంచు దొరికాక దాన్ని గట్టిగా పట్టుకుంది, వద్దురా అన్నాడు, ఎందుకొద్దు బావా, తప్పు ఒప్పుకున్నా కదా, సరిచెయ్యనీ, వద్దు, తొందరేముంది, ఇంకోసారి చూద్దాం, ఇంకోసారేంటి బావా రేపే, ఒరేయ్ వద్దన్నానా, అలా మార్చేస్తే, మార్చాక కూడా, అని ఆగిపోయాడు, గోడలోంచి వేలాడుతున్న తీగ మాత్రం కొద్దికొద్దిగా ఊగుతోంది.

మార్చాక కూడా, ఆమె ఆ మాట దగ్గరే నిలబడిపోయింది, మార్చాక కూడా అని ఎవరంటారు, మార్చితే ఏమవుతుందో తెలిసినవాడంటాడు, పచ్చగా ఉందన్నాడు, మిణుకుమంటోందన్నాడు, తీగ నాసిరకమన్నాడు, ఒక్కో లోపం కొట్టుకుపోగానే ఇంకోటి వెతుక్కున్నాడు, అన్నీ అయిపోయి ఇంకేమీ దొరకకపోతే మిగిలేది తన కళ్ళేనని ఆయనకు తెలుసు, తెలిసే ప్రాణంలా చూసుకునే బావమరిదిని నలుగురిలో దొంగని చేశాడు, తెలిసే ఆమె మీద కస్సుబుస్సుమన్నాడు, పక్కనే పడుకుని, పక్కనే లేచి, ఇన్నాళ్ళూ ఒక్కడే ఆ భయాన్ని మోసుకు తిరిగాడు, ఆయనకి తెలియకుండా ఎలా దాచాలా అని ఇప్పటిదాకా తను ఎన్ని ఎత్తులు వేసింది, దాచినవాడు ఆయన, తెలియనిది తనకి, ఆమె వెళ్ళి బల్ల అంచుని పట్టుకున్న ఆ చేతిమీద తన చెయ్యి వేసింది, ఆయన ఉలిక్కిపడ్డాడు, చెయ్యి లాక్కోలేదు, తిప్పి ఆమె వేళ్ళని పట్టుకున్నాడు, ఆ పట్టులోనే మిగతాదంతా చెప్పేశాడు, ఈ ఇంట్లో వెలుతురు చాలుతుందని అందరికంటే ముందు తెలిసింది ఆయనకే.